పెరటి మట్టిలో సీసం ఉందేమో పరీక్ష చేయించడం ఎలా

మిద్దె మీద నాలుగు కుండీలో, పెరట్లో రెండు మళ్లో లేని ఇల్లు ఇప్పుడు తిరుపతిలో తక్కువే. మందులు కొట్టని కూర తినాలని, పిల్లలకు పెట్టాలని మొదలుపెట్టినవాళ్లే ఎక్కువ. విత్తనం ఎక్కడిది, ఎరువు ఏమిటి అని అందరం అడుగుతాం. ఆ మట్టి ఎక్కడిది, అంతకు ముందు దాని మీద ఏం పడింది అని మాత్రం అడగం. అందులో సీసం (లెడ్) అనే విషపు లోహం ఉండవచ్చు. దానికి వాసన లేదు, రంగు తెలియదు. సీసం నిండిన నేలలో కూడా తోటకూర ఏపుగానే పెరుగుతుంది. కాబట్టి మొక్కను చూసి మట్టి మంచిదని అనుకోవడానికి లేదు. పరీక్ష ఒక్కటే దారి. ఆ పరీక్షలో కూడా రెండు చోట్ల పొరపాటు జరుగుతుంది: మట్టి తప్పు చోట తీయడం, ల్యాబులో తప్పు పరీక్ష అడగడం.

ముందుగా ఒక అపోహ. "మా మట్టికి కార్డు ఉండాది గదక్కా, అన్నీ బాగుండాయని రాసిచ్చినారు" అని చాలామంది అంటుంటారు. 2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డులో చూసేవి 12 అంశాలు: నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, పీహెచ్ (పులుపు, క్షారం కొలత), ఈసీ (ఉప్పదనం కొలత), సేంద్రియ కర్బనం. పంటకు ఏ ఎరువు ఎంత వేయాలో చెప్పడానికి పెట్టిన కార్డు అది. ఆ పని బాగానే చేస్తుంది. అందులో సీసం గడే లేదు. కార్డు బాగుంది అంటే నేల సారం బాగుందని అర్థం, అంతే.

మీ ఇంటికి ఈ పరీక్ష అవసరమా

అందరికీ ఒకే తొందర లేదు. ఈమధ్యే పొలాల్లో వేసిన కొత్త లేఅవుట్, రోడ్డుకు దూరం, చుట్టుపక్కల ఏ షెడ్డూ లేదు, ఇల్లు కట్టి నాలుగైదేళ్లే అయింది అంటే మీ సొంత నేల గురించి పెద్దగా భయపడక్కర్లేదు. బయటి నుంచి తోలించిన మట్టిని చూసుకుంటే చాలు. కింద చెప్పిన వాటిలో ఏ ఒక్కటి ఉన్నా, ముఖ్యంగా ఆరేళ్ల లోపు పిల్లలు ఉంటే, వాయిదా వేయొద్దు.

మొదటిది పాత రంగు. ఇళ్లకు వేసే పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90 భాగాలు) దాటకూడదనే నియమాలు మన దేశంలో 2016లో వచ్చి, 2017 నవంబరు నుంచి అమలయ్యాయి. అంతకు ముందు తలుపులకు, కిటికీలకు, ఇనుప గ్రిల్లులకు వేసిన ఎనామెల్ రంగుల్లో, అందులోనూ పసుపు, ఎరుపు, పచ్చ, నారింజ రంగుల్లో సీసం బాగా ఉండేది. కొర్లగుంటలోనో, చిత్తూరు సంతపేటలోనో పాత ఇల్లు ఉంటే కిటికీ కింద గోడ మొదట్లో కూర్చుని నేలను దగ్గరగా చూడండి. గోరంత పెచ్చులు కనిపిస్తాయి. ఒకదాన్ని తీసి అంచు వైపు చూస్తే పైన మీగడ రంగు, దాని కింద నీలం, ఇంకా కింద ముదురు పచ్చ, పొర మీద పొర ఉంటుంది. ప్రతి పండక్కీ ఒక పూత, ప్రతి పూతకీ ముందు ఉప్పుకాగితంతో గీకుడు. ఆ గీకిన పొడంతా ఆ గోడ మొదట్లోనే పడి ఉంటుంది.

రెండోది రోడ్డు. 2000 ఫిబ్రవరి దాకా మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు అమ్మారు. ఆ పొగలో వచ్చిన సీసం రోడ్డు అంచు మట్టిలో దిగింది. సీసం నీళ్లలో కరిగి లోపలికి పోయే రకం కాదు, కుళ్లిపోయే రకం అంతకన్నా కాదు. బంకమన్నునీ, సేంద్రియ పదార్థాన్నీ పట్టుకుని పై పొరలోనే ఉండిపోతుంది. రేణిగుంట రోడ్డు మీదో, చిత్తూరులో పాత బెంగళూరు–చెన్నై రోడ్డు మీదో ముందు నుంచీ ఉన్న ఇళ్లవాళ్లు గేటు పక్క మట్టిని తప్పకుండా చూడాలి. రోడ్డుకు దూరం జరిగేకొద్దీ ఇది తగ్గిపోతుంది.

మూడోది, నా లెక్కలో అన్నింటికన్నా పెద్దది, బ్యాటరీ. కారు, ఆటో, ఇన్వర్టర్ బ్యాటరీ బరువులో సగానికి పైగా సీసమే. దాన్ని పగలగొట్టి, ప్లేట్లు కరిగించిన చోట మట్టిలో సీసం వందల్లో కాదు, వేలల్లో ఉండవచ్చు. పని ఆగిపోయి ఇరవై ఏళ్లయినా ఆ మట్టి అట్లాగే ఉంటుంది. అందుకే ఇల్లు కొన్నవాళ్లు, అద్దెకు వచ్చినవాళ్లు వీధిలో పెద్దవాళ్లను అడగాలి: "తాతా, ఈ స్థలంలో మునుపు ఏముండేది?" బ్యాటరీ షాపా, పెయింటింగ్ షెడ్డా, అక్షరాలు పేర్చి అచ్చువేసే పాత ప్రెస్సా, చక్రాల బ్యాలెన్సింగ్ షాపా, వలలకు గుండ్లు పోసేవాళ్లా? ఇవన్నీ సీసంతో పనిచేసినవే. పాత బ్యాటరీ డబ్బాల్లో మొక్కలు పెట్టే అలవాటు ఉంటే దాన్ని ఇప్పుడే మానేయండి.

నాలుగోది తోలించిన మట్టి. మిద్దె తోటకు ట్రాక్టరు మట్టి అంటే ఎక్కువగా చెరువు మట్టే. ఊరి మురుగు కలిసే చెరువు మట్టికీ, కొండవాగు నీళ్లు మాత్రమే చేరే చెరువు మట్టికీ చాలా తేడా. ట్రాక్టరు దించగానే, కుండీల్లో నింపకముందే అందులోంచి నమూనా తీసి పెట్టుకోండి.

ఇంటి పటం గీసుకోండి

ఒక తెల్ల కాగితం మీద ఇల్లు, గేటు, కొళాయి, చెట్లు, మళ్లు గీయండి. దాన్ని భాగాలు చేయండి: పిల్లలు ఆడే చోటు, గోడ వెంబడి చూరు నీళ్లు పడే పట్టీ, కూరగాయల మళ్లు, రోడ్డు వైపు. పాత షెడ్డు ఉండిన చోటో, బూడిద పోసిన చోటో ఉంటే అది ఇంకో భాగం. ఒక్కో భాగానికి ఒక్కో నమూనా. ఏ రెండు భాగాల మట్టినీ కలపొద్దు. గోడ పక్క సీసం 600 పీపీఎం ఉండి, మడిలో 30 ఉంటే, రెండూ కలిపి పంపినప్పుడు వచ్చే మధ్య అంకె ఏ చోటి సంగతీ చెప్పదు.

అన్నీ చేయించడానికి డబ్బు చాలకపోతే? చాలామంది కూరగాయల మడితో మొదలుపెడతారు. నేను మాత్రం పిల్లలు ఆడే మట్టితో మొదలుపెట్టమంటాను. సీసం ఎక్కువగా ఒంట్లోకి పోయేది కూర ద్వారా కాదు, మట్టి అంటిన చేయి నోట్లో పెట్టుకోవడం ద్వారా. మింగిన సీసంలో పెద్దవాళ్ల ఒంటికి పట్టేదాని కంటే చిన్నపిల్లల ఒంటికి నాలుగైదు రెట్లు ఎక్కువ పడుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రెండో నమూనాకు డబ్బుంటే చూరు కింది పట్టీ. మడి మూడోది.

మట్టి తీయడం

ఐప్పసి, కార్తీక (అక్టోబరు–డిసెంబరు) వానల్లో మట్టి తీస్తే బురద వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో మన ఎర్రనేల గునపానికి కూడా లొంగదు. సంక్రాంతి దాటాక వచ్చే నెలలు అనుకూలం. ఎండాకాలంలోనే చేయాల్సి వస్తే ఒక వాన పడ్డాక రెండు రోజులు ఆగి తీయండి.

కావలసినవి: స్టీలు గరిటె లేదా గట్టి స్టీలు చెంచా, శుభ్రమైన ప్లాస్టిక్ బకెట్, కొత్త జిప్ కవర్లు, చెరిగిపోని మార్కర్, చేతి తొడుగులు, ముక్కుకు గుడ్డ. రంగు వేసిన తాపీ, జింకు పూత పూసిన పార, ఇత్తడి సామాను వాడొద్దు. వాటి నుంచి రాలే పొడి లెక్కను చెడగొడుతుంది. పాత పెయింట్ బకెట్ అసలు వద్దు. ఈ పనికి వాడిన గరిటె మళ్లీ వంటింట్లోకి రాకూడదు.

లోతు విషయంలో జాగ్రత్త. పిల్లలు ఆడే చోట, చూరు కింద పైపైన రెండు వేళ్ల మందం, అంటే రెండున్నర సెంటీమీటర్ల దాకా మాత్రమే గీకి తీయండి. పిల్లల చేతికి అంటేది ఆ పొరే. లోతుగా తవ్వితే అడుగున ఉన్న మంచి మట్టి కలిసి అంకె తగ్గిపోతుంది, మనం ధైర్యపడి కూర్చుంటాం. కూరగాయల మడిలో అయితే వేర్లు తిరిగే లోతు, అంటే 15 సెంటీమీటర్లు తీయాలి. స్కూలు పిల్లల చిన్న స్కేలు సరిగ్గా అంతే ఉంటుంది, దాన్ని పక్కన గుచ్చి కొలవండి. వ్యవసాయ శాఖవాళ్లు చెప్పినట్టే ఆంగ్ల అక్షరం 'వి' ఆకారంలో గుంత తీసి, పక్క గోడ నుంచి పైనుంచి కిందికి ఒకే మందంలో ఒక పలక కోయాలి.

ఒక భాగంలో ఒకే చోట తీయకండి. అటూ ఇటూ వంకరటింకరగా నడుస్తూ ఎనిమిది, పది చోట్ల కొంచెం కొంచెం తీసి బకెట్లో వేయండి. ఆకులు, గడ్డి, రాళ్లు పక్కకు తీసేయండి. రంగు పెచ్చులు వస్తే ఏరి పారేయొద్దు, అలాగని వెతికి వేయొద్దు. అక్కడి మట్టిలో ఎట్లా ఉంటే అట్లాగే రావాలి. ఒక భాగం అయిపోయాక గరిటె, బకెట్ కడిగి, తుడిచి రెండో భాగానికి వెళ్లండి.

తెచ్చిన మట్టిని తెల్ల కాగితాల మీద పరిచి నీడలో ఆరబెట్టండి. గాలికి ఎగరని చోటు, పిల్లలు రాని చోటు చూడండి. ఎండలో పెట్టొద్దు, అన్నం తినే పళ్లెంలో వద్దు, పిండి జల్లెడతో జల్లించొద్దు. గడ్డలను కవర్లో వేసి పైనుంచి రాయితో మెల్లగా నలపండి. బాగా కలిపి గుండ్రంగా పరిచి, మీద ప్లస్ గుర్తులా గీత గీసి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు తీసేయండి. మిగిలింది మళ్లీ కలిపి మళ్లీ అదే పని చేయండి. అర కిలో మిగిలేదాకా ఇట్లా చేశాక, అందులో సగం ల్యాబుకు, సగం మీ దగ్గర. కవరు మీద తేదీ, భాగం పేరు, లోతు రాయండి. పటంలో కూడా అదే పేరు రాసుకోండి. పనయ్యాక సబ్బుతో చేతులు కడుక్కుని, వేసుకున్న బట్టలు విడిగా ఉతకండి.

ల్యాబులో ఏం అడగాలి

ఈ ఒక్క ముక్క గట్టిగా గుర్తుపెట్టుకోండి: "మట్టిలో మొత్తం సీసం, ఆమ్లంతో జీర్ణం చేసి చూడాలి" అని అడగాలి. ఇంగ్లీషులో చెప్పాలంటే టోటల్ లెడ్, యాసిడ్ డైజెషన్. ఎందుకు ఇంత పట్టుదల అంటే, వ్యవసాయ ల్యాబుల్లో జింకు, ఇనుము చూడటానికి డీటీపీఏ అనే ద్రావణంతో మట్టిని కలిపి వడకడతారు. మొక్క తీసుకోగలిగిన భాగం మాత్రమే అందులోకి వస్తుంది. సీసాన్ని కూడా అదే పద్ధతిలో చూస్తే చాలా చిన్న అంకె వస్తుంది. ఆ చిన్న అంకెను కింద చెప్పే హద్దులతో పోల్చి "మాది సేఫ్" అనుకుంటే మోసపోతాం. పిల్లవాడు మింగేది ద్రావణం కాదు, మట్టి. నైట్రిక్ ఆమ్లంలో మట్టిని మరిగించి, ఆ ద్రవాన్ని లోహాలను కొలిచే ఏఏఎస్ లేదా ఐసీపీ యంత్రంలో చూస్తే వచ్చేదే మనకు కావలసిన అంకె.

తిరుపతిలో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం, ఎస్వీ వ్యవసాయ కళాశాల ఉన్నాయి. ఎస్వీ విశ్వవిద్యాలయం, ఏర్పేడు దగ్గర ఐఐటీ, ఐసర్ (కేంద్ర సైన్సు విద్యాసంస్థ) ఉన్నాయి. బయటివాళ్ల నమూనా తీసుకుంటారా, మొత్తం సీసం చూస్తారా అన్న రెండు ప్రశ్నలూ ఫోనులో అడిగాకే మట్టి పట్టుకుని వెళ్లండి. కుదరకపోతే చెన్నై, బెంగళూరు, హైదరాబాద్‌లలో ఎన్ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ప్రైవేటు ల్యాబులు ఉన్నాయి. మట్టి కొరియరులో పంపవచ్చు. ల్యాబుకు గుర్తింపు ఉంటే చాలదు. ఎన్ఏబీఎల్ వెబ్‌సైటులో ఆ ల్యాబు గుర్తింపు పత్రం తెరిచి, అందులో మట్టి, సీసం రెండూ ఉన్నాయో లేదో చూడండి. నీళ్లలో సీసం చూడటానికి మాత్రమే గుర్తింపు ఉన్న ల్యాబులు కూడా ఉంటాయి.

నగల దుకాణాల్లో బంగారం క్యారెట్ చూసే యంత్రం కూడా ఎక్స్‌రే సూత్రం మీదే పనిచేస్తుంది. అదే సూత్రంతో మట్టిలో సీసం చూసే చేతి యంత్రాలూ ఉన్నాయి, బాగా పనికొస్తాయి కూడా. కానీ నగల దుకాణంలోని యంత్రం బంగారానికి సరిచేసింది. దాని కింద మట్టి పెడితే వచ్చే అంకెకు విలువ లేదు. ఆన్‌లైన్లో దొరికే రంగు మారే కిట్లు పెయింటు మీద రుద్దడానికి చేసినవి. మట్టికి వాటిని నమ్మొద్దు.

అంకె చదవడం

పీపీఎం అన్నా, కిలోకు మిల్లీగ్రాములు అన్నా ఒకటే. శాతంలో ఇస్తే 0.02 శాతం అంటే 200 పీపీఎం. 'బీడీఎల్' అని రాస్తే యంత్రం పట్టలేనంత తక్కువ అని అర్థం. అయితే ఆ యంత్రం ఎంత నుంచి పట్టగలదో అడగండి. 10 పీపీఎం లోపు అయితే సరే.

ఏ మనిషి పనీ తగలని నేలలో కూడా మామూలుగా 10 నుంచి 50 పీపీఎం దాకా సీసం ఉంటుంది, రాతిలోనే ఉంటుంది కాబట్టి. కెనడా సాగు నేలకు 70, ఇళ్ల నేలకు 140 అని హద్దు పెట్టుకుంది. కాలిఫోర్నియా ఇళ్లకు 80. అమెరికా పర్యావరణ సంస్థ చాలా ఏళ్లు 400 దగ్గరే ఉండి, 2024 జనవరిలో 200కు దించింది. వీటిని పక్కపక్కన పెట్టుకుని నేను ఇట్లా చూస్తాను. 80 లోపు అయితే నిశ్చింతగా పండించుకోండి. 80 నుంచి 200 మధ్య అయితే పండించుకోవచ్చు, కానీ పిల్లలు ఆడే చోట వట్టి మట్టి కనపడకుండా కప్పాలి. 200 దాటితే ఆకుకూరలు, దుంపలు ఆ నేలలో వద్దు, పిల్లల ఆట అక్కడ వద్దు. 400 దాటితే ఆ చోట తినే పంట ఏదీ వేయకండి. వేలల్లో వస్తే తవ్వడం కూడా మానేసి, తిరుపతిలోని కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి రిపోర్టు జత చేసి అర్జీ పెట్టండి. పక్కన బ్యాటరీ కరిగించే షెడ్డు ఇంకా నడుస్తుంటే సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో కూడా ఇవ్వండి. మీ పక్కింటివాళ్లకు కూడా ఆ కాగితం చూపించండి, వాళ్లింట్లోనూ పిల్లలుంటారు.

ఎక్కువ వస్తే ఏం చేయాలి

మట్టంతా ఎత్తి పారేయాలని కంగారు పడకండి. ఎత్తిన మట్టిని వీధి చివరో, కాలువలోనో పోస్తే మన ఇంటి సీసం ఇంకొకరి ఇంటికి పంపినట్టే. ముందు కప్పండి. వట్టి నేల మీద గడ్డి పెంచండి, లేదా వేరుశనగ తొక్కలు, చెరకు ఆకు, ఎండు మామిడాకులు నాలుగు వేళ్ల మందం పరవండి. మన జిల్లాల్లో వీటికి కొదవ లేదు. వాకిలి పొడిగా ఊడవడం మానేసి, కళ్లాపి చల్లాకే ఊడవండి. దుమ్ము లేవదు. చెప్పులు గుమ్మం బయటే.

కూరగాయలకు అడుగెత్తు మడి కట్టి, అడుగున గట్టి షీటు పరిచి, పరీక్ష చేయించిన మట్టి నింపండి. అంకె 400 లోపు ఉండి, పాత నేలలోనే పెంచాలంటే టమోటా, వంకాయ, బెండ, బీర, చిక్కుడు లాంటి కాయలు ఎంచుకోండి. కాయలోకి సీసం చేరేది తక్కువ. ముల్లంగి, క్యారెట్ లాంటి దుంపలకు, పాలకూర, కొత్తిమీర లాంటి ఆకులకు మట్టి అంటుకుంటుంది, అదే చిక్కు. పశువుల ఎరువు, కంపోస్టు బాగా వేస్తే సీసాన్ని అవి పట్టి ఉంచుతాయి. ఎముకల పొడి, సూపర్ ఫాస్ఫేట్ లాంటి భాస్వరం ఎరువులు కూడా సీసాన్ని కరగని రూపంలోకి మారుస్తాయి. సున్నం మాత్రం పీహెచ్ చూడకుండా వేయొద్దు. 6.5 కంటే తక్కువ ఉంటేనే దాని అవసరం.

ఇంట్లో చిన్నపిల్లలుంటే, అంకె 200 దాటితే రక్త పరీక్ష గురించి పిల్లల డాక్టరుతో మాట్లాడండి. డెసీలీటరు రక్తంలో 5 మైక్రోగ్రాములు దాటితే సీసం ఎక్కణ్ణుంచి వస్తోందో వెతికి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. ఇంత వరకైతే హాని లేదు అనే హద్దు మాత్రం లేదు. రక్తంలో ఎక్కువగా ఉంటే మట్టితో ఆగిపోకుండా ఇంట్లో మిగతావి కూడా చూడండి: చారు కాచే ఈయం గిన్నె నిజంగా ఈయమేనా, సీసం కలిపారా; ఇత్తడి పాత్రకు కళాయి ఎవరు పోశారు; విడిగా కొన్న పసుపు మరీ మెరిసిపోతోందా; ఇంట్లో ఎవరైనా బ్యాటరీ పనిచేసి అదే బట్టలతో పిల్లల్ని ఎత్తుకుంటున్నారా. ఇనుము, కాల్షియం తక్కువైన ఒంటికి సీసం ఎక్కువ పడుతుంది. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది కాబట్టి పిల్లలకు సంగటి, రాగి జావ మానకుండా పెట్టండి. ఖాళీ కడుపుతో మట్టిలో ఆడటానికి పంపకండి.

కప్పడం, మళ్లు మార్చడం అయ్యాక ఒక ఏడాది ఆగి, పటంలో గుర్తు పెట్టిన అవే చోట్ల, అదే లోతులో మళ్లీ నమూనా తీయండి. మీ దగ్గర దాచిన పాత కవరును కూడా దానితో పాటు పంపండి. అదే ల్యాబు, అదే పద్ధతి అడగండి. ల్యాబు మారినా, పాత కవరు అంకె మొదటిసారి వచ్చినదానికి దగ్గరగా వస్తే కొత్త రిపోర్టును నమ్మవచ్చు. చాలా తేడా వస్తే రెండు ల్యాబులనూ ఏ పద్ధతిలో చేశారో రాతపూర్వకంగా అడగండి.